అలకమాపిని

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఎండలు ముదిరితే జనం హాకీ హాలు దారి పట్టేవారు. సముద్రం లోతుల్లోంచి చల్లటి నీటిని లావుపాటి గొట్టాలతో పైకి తోడి, ఆ చలువతోనే హాలు లోపల నేలంతా మంచు పరిచేవారు. బయట రోడ్డు మీది తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంటే, లోపల పిల్లలు స్వెట్టర్లు వేసుకుని, వేడి పునుగులు తింటూ ఐస్ హాకీ చూసేవారు. మంచు అంటే చేపల బుట్టలో వేసే గడ్డ తప్ప మరొకటి ఎరగని తీరం అది. రెండు తరాలు తిరిగేసరికి ఐస్ హాకీ ఊరి ఆట అయిపోయింది. ఊరి జట్టు పేరు విశాఖ కెరటాలు.

ఆట వేసవిలో. వానలు మొదలవగానే మంచు కరిగించేసి హాలు కడిగేవారు. అప్పుడు బేరాల నెల వచ్చేది. ఒప్పందం ముగిసిన ఆటగాడిని ఫ్రీ ఏజెంట్ అనాలి. జనం మాత్రం విడి ఆటగాడు అనేవారు. అతను ఏ జట్టుకైనా పోవచ్చు, ఏ జట్టయినా అతన్ని పిలవచ్చు. కుదిరాక మెడలో కొత్త జట్టు కండువా కప్పుతారు. ఆ నెలంతా ఊళ్లో ఆట లేకపోయినా ఆట గురించిన గొడవ మాత్రం ఆగేది కాదు. ఫలానావాణ్ణి ఎందుకు తెచ్చారు, ఫలానావాణ్ణి ఎందుకు వదిలేశారు అని టీ కొట్ల దగ్గర గొంతులు చించుకునేవారు. కెరటాల కండువా తగలబెట్టేస్తామని ఒట్లు పెట్టుకునేవారు.

నెలాఖరు రోజున తిట్ల సాయంత్రం జరిగేది. దాన్ని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. హాలు మూడో గేటు దగ్గర ఒక స్టూలు వేస్తారు. జట్టు మేనేజరు వచ్చి దాని మీద కూర్చుంటాడు. అభిమానులు చుట్టూ చేరి చీకటి పడేదాకా తిడతారు. అతను తలవంచుకుని వింటాడు. చివర్లో వాళ్లే అతనికి టీ ఇస్తారు. మేనేజరు నూకరాజు ఏటా ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఏటా ఆ రాత్రి భోజనం సయించక లేచిపోయాడు.

అందుకే గంగాభవాని తన యంత్రాన్ని పట్టుకుని వచ్చినప్పుడు అతను ఆమెకు ఎదురెళ్లి కుర్చీ వేశాడు.

గంగాభవాని మనసు కొలతల శాస్త్రం చదివిన మనిషి. నలభై దాటలేదు. జేబులో ఎప్పుడూ శనగపప్పు ఉండేది, ఆలోచన వచ్చినప్పుడల్లా నాలుగు గింజలు నోట్లో వేసుకునేది. ఆమె చేసింది చూడ్డానికి మామూలు కెరటాల కండువాయే. దాని అల్లికలో వెంట్రుక కంటే సన్నని తీగలు, సెన్సర్లు ఉన్నాయి. మెడ పక్క నాడి ఎలా కొట్టుకుంటోందో, చర్మం ఎంత చెమర్చిందో, మాట బయటికి రాకముందే గొంతు ఎలా గుటక వేసిందో అవి పట్టుకుంటాయి. పట్టుకున్నదంతా హాలు మేడ మీద ఆఫీసులో ఉన్న యంత్రానికి చేరుతుంది. అలకను కొలిచేది కాబట్టి యంత్రానికి ఆమె పెట్టిన పేరు అలకమాపిని. అది ఆడగొంతుతో మాట్లాడేది కాబట్టి ఆఫీసులో అందరూ అలకమ్మ అనేవారు.

"అలకేంటమ్మా, కోపం అనొచ్చు కదా?" అన్నాడు నూకరాజు.

"కోపం వేరు సార్. పెళ్లిలో అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకుని చూశారా? మూతి ముడుచుకుని కూర్చుంటాడు. ఉంగరం పెడితేగాని లేవనంటాడు. అతను నిజంగా లేచి వెళ్లిపోతాడా?"

"ఎక్కడికి పోతాడు? నేనూ ఎక్కాను కదా. కదిలితే ఒట్టు."

"అదీ అలక. ఇంకోటుంది, విరక్తి. విరక్తి కలిగినవాడు పాన్పు ఎక్కడు, అరవడు. చెప్పులేసుకుని బస్సెక్కేస్తాడు. నోటి మాట వింటే ఈ రెండూ ఒకలాగే ఉండొచ్చు. మెడ దగ్గర నాడిలో మాత్రం తేడా తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ మీకు మాటలే వినబడ్డాయి."

కండువాలో ఏముందో అభిమానులకు దాచలేదు. గంగాభవాని మూడో గేటు దగ్గర నిలబడి అంతా విడమరిచి చెప్పింది. వాళ్లు సంబరపడ్డారు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన సన్యాసిరావు అందరికంటే ముందు మెడలో వేసుకున్నాడు.

"బాగుందమ్మా! మనకెంత మండిపోతందో ఇకనించి నూకరాజు గాడికి సరాసరి తెలుస్తాది. ఒరే, వింతన్నావేట్రా నూకరాజూ?" అని కండువా కొసలోకి అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

ఆ ఏడు విడి ఆటగాళ్లలో ఎల్లాజీ ఉన్నాడు. ఏళ్ల తరబడి కెరటాలకు గోలు కాచే గోలీగా నిలబడినవాడు. మోకాళ్లు అరిగాయి. కిందటి ఫైనల్లో చిట్టచివరి గోలు అతని కాళ్ల సందులోంచే పోయింది. ఊరంతా అతన్ని తిట్టిపోసింది. ఒడిశా నుంచి ఒక కుర్ర గోలీ వస్తానంటున్నాడు. ఇటు కాకినాడవాళ్లు ఎల్లాజీని పిలుస్తున్నారు.

ఒక మధ్యాహ్నం ఎల్లాజీ తడిసిన గొడుగు చేతిలో ముడుచుకుని గంగాభవాని గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు సెప్తే నూకరాజు గారు ఇంటారంట. నాకు ఇంకొక్క ఏడే మిగిలింది. ఆ ఒక్క ఏడూ ఇక్కడే ఆడాలమ్మా."

"కాకినాడ ఎంత దూరమని ఎల్లాజీ గారూ?"

"దూరం గురించి కాదమ్మా. మా అయ్య పడవలకి మంచుదిమ్మలు మోసేవోడు. నాను నడక నేర్సుకుంది ఆ దిమ్మల మీదే. జారి పడితే జెట్టీ మీదున్నోల్లందరూ తిట్టీవోరు. ఇప్పుడూ ఆల్లే తిడతన్నారు. ఆల్ల ముందే ఆట ఆపీయాలని ఉంది."

"వాళ్లు మిమ్మల్ని నిజంగానే పొమ్మంటున్నారేమో?"

"అదే తెల్సుకోవాలనుంది," అన్నాడు ఎల్లాజీ. "నీ యంత్రాన్ని అడిగి సెప్పు. నిజంగా పొమ్మంటే పోతాను."

అది గంగాభవానికి కూడా తెలుసుకోవాలనిపించింది. నాలుగు శనగపప్పు గింజలు నోట్లో వేసుకుంది. ఎల్లాజీ వెళ్లిపోతున్నాడని మర్నాడు ఆమె సలహా మీద నూకరాజు ఒక పుకారు వదిలాడు. ఇద్దరూ మేడ మీద యంత్రం ముందు కూర్చున్నారు. టీ కొట్టులో ఉన్న సన్యాసిరావు గొంతు కండువా గుండా యంత్రంలో వినబడింది.

"పోతే పోనీ! దరిద్రం వొదిలింది! ఆడు పోకపోతే ఈ కండువా నానే తగలెట్టేద్దును!"

"ఇతను కండువా తగలబెట్టడు," అంది అలకమ్మ నెమ్మదిగా. "ఎల్లాజీ వెళుతున్నాడన్న మాట చెవిన పడగానే ఇతని గొంతు పట్టేసింది. రెండు గుటకలు మింగి తర్వాత అరిచాడు."

"మిగతావాళ్లో?" అంది గంగాభవాని.

"దాదాపు అందరూ అంతే. ఎల్లాజీ ఉండాలని వీళ్ల కోరిక."

గంగాభవాని ముఖం విప్పారింది. "చూశారా సార్! వాళ్లకి అతను కావాలి. నోటితో ఒప్పుకోరు అంతే."

నూకరాజు తెర వైపు వంగాడు. "అలకమ్మా, అతన్ని పంపేస్తే వీళ్లలో ఎంతమంది కెరటాలని వదిలేస్తారు?"

"ఎవరూ వదలరు. అలుగుతారు. వేసవి వచ్చేసరికి హాలు నిండుతుంది."

నూకరాజు కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా ఏళ్ల బరువు దిగినట్టు అతని భుజాలు సడలాయి. "అయితే ఇంకేం? కుర్రాణ్ణి తెచ్చేద్దాం."

"సార్, వాళ్లకి ఎల్లాజీ కావాలని ఇప్పుడే చెప్పింది కదా!"

"వెళ్లిపోరని కూడా చెప్పింది కదమ్మా. ఇన్నేళ్లూ వీళ్లు ఎక్కడ వెళ్లిపోతారో అని భయపడి చచ్చాను. కదలని పెళ్లికొడుక్కి ఉంగరం ఎందుకు?"

గంగాభవాని కుర్చీలోంచి లేచింది. లెక్క ఆమెదే, లెక్కలో తప్పు లేదు. కిందికి దిగి ఎల్లాజీకి సంగతి చెప్పింది. వాళ్లు పొమ్మనడం లేదని ముందు చెప్పింది, అయినా పంపేస్తున్నారని తర్వాత చెప్పింది. ఎల్లాజీ మొదటి మాటకి నవ్వాడు. రెండో మాట వినేసరికి ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. వారం తిరక్కుండా కాకినాడలో అతని మెడలో కొత్త కండువా పడింది.

నెలాఖరు వచ్చింది. మూడో గేటు దగ్గర స్టూలు వేశారు. వాన జల్లుగా పడుతోంది. జనం గొడుగులు వేసుకుని వచ్చారు. సన్యాసిరావు దారి పొడుగునా తిట్లు నెమరేసుకుంటూ వచ్చాడు. నూకరాజు మాత్రం మేడ దిగలేదు.

"వెళ్లండి సార్, చూస్తున్నారు," అంది గంగాభవాని.

"వాళ్లేమంటారో నాకు తెలుసు. ఎంత మండిపోతోందో ఇదిగో, ఈ తెర మీద ఉంది. ఇంకా వెళ్లి వినడం ఎందుకు?"

తెర మీద అలక గీత ఎర్రగా, ఎత్తుగా ఉంది. కింద జనం చాలాసేపు నిలబడ్డారు. కెటిల్‌లో టీ చల్లారింది. ఎవరో మేడ వైపు చెయ్యి చూపించారు. ఆ తర్వాత సన్యాసిరావు ముందుకు వచ్చి, స్టూలు తడిసిపోతోందని దాన్ని ఎత్తి చూరు కింద పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకుని ఇంటికి నడిచాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వెళ్లారు. వాళ్లు అలా వెళుతుంటే ఎర్ర గీత మెల్లగా దిగి, దిగి, నేలకు ఆనింది.

"చూశావా అమ్మా?" అన్నాడు నూకరాజు. "ఎవరూ బతిమాలకుండానే అలక తీరిపోయింది!"

"అలక లేదు," అంది అలకమ్మ.

గంగాభవాని శనగపప్పు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. అలక తీరిపోయిందని నూకరాజు అన్నాడు, లేదని మాత్రమే యంత్రం అంది. ఆ రెండింటికీ మధ్య ఏదో ఉందనిపించింది గాని, నూకరాజు అంత హాయిగా నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. అడగకుండా ఊరుకుంది.

వేసవి వచ్చింది. మళ్లీ మంచు పరిచారు. మొదటి ఆట కాకినాడతోనే పడింది. యంత్రం చెప్పినట్టే హాలు నిండింది. ఒక్క సీటు ఖాళీ లేదు. నూకరాజు కొత్త చొక్కా వేసుకుని, చెవిలో అలకమ్మ పలికే బుడిపె పెట్టుకుని, మంచు అంచున ఉన్న సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. గంగాభవాని పక్కనే కూర్చుంది.

కెరటాలు ఒక గోలు కొట్టారు. జనం చప్పట్లు కొట్టారు, పాఠశాల వార్షికోత్సవంలో కొట్టినట్టు. కాసేపటికి ఒడిశా కుర్రాడు తేలిగ్గా ఆపాల్సిన ఆట బిళ్లను గోల్లోకి వదిలేశాడు. ఒక్క తిట్టు లేదు. వెనక వరసలో ఎవరో పునుగుల్లోకి చట్నీ అడుగుతున్నారు.

"ఎంత బుద్ధిమంతులయ్యారో," అన్నాడు నూకరాజు. ఆ మాటలో నమ్మకం తక్కువగా ఉంది.

అప్పుడు కాకినాడవాళ్లు గోలీని మార్చారు. గేటు తెరుచుకుంది. కాకినాడ రంగు తొడుక్కుని ఎల్లాజీ మంచు మీదికి వచ్చాడు.

హాలు పైకప్పు లేచిపోతుందా అన్నట్టు కేక పుట్టింది.

"సిగ్గులేదేట్రా ఎల్లాజీ!"

"పోనోడివి పోయే ఉండకపోనావా!"

"ఆ రంగేట్రా, పాసిపోయిన పులుసులాగ!"

సన్యాసిరావు మెట్లన్నీ దిగి వచ్చి మంచు చుట్టూ ఉన్న అద్దపు గోడను రెండు చేతులతో గుద్దాడు. "మీ అయ్య మోసిన మంచు మీద నిలబడ్డం నేర్సుకోని కాకినాడోల్లకి కాపలా కాత్తావేట్రా? నీ మోకాళ్లు సల్లగుండ, ఎందుకెల్లిపోనావురా?"

ఎల్లాజీ గోలు వదిలి జారుకుంటూ అద్దం దగ్గరికి వచ్చాడు. ముఖానికున్న ముసుగు పైకెత్తాడు. తల వంచి నిలబడ్డాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"తిట్టు మావా. ఇంకా తిట్టు."

"నువ్వు సెప్తే తిట్టాలేటి? నాకు రాదేటి?" అన్నాడు సన్యాసిరావు. అద్దం మీద తను గుద్దిన చోటే అరచేయి ఆనించాడు. ఎల్లాజీ అవతలి నుంచి లావుపాటి తొడుగు వేసుకున్న తన చేతిని అక్కడే ఆనించాడు. రిఫరీ రెండుసార్లు ఈల వేసి మూడోసారి వేయకుండా వేరేవైపు చూశాడు.

"అలక చాలా ఎక్కువగా ఉంది," అంది అలకమ్మ నూకరాజు చెవిలో. "నేను ఇంతవరకు ఇంత కొలవలేదు."

"దేని మీద? కెరటాల మీదేనా?"

"కాదు. అతని మీద."

నూకరాజు గంగాభవాని వైపు చూశాడు. ఆమె శనగపప్పు పొట్లం మడిచి జేబులో పెట్టేసింది.

"మీరు విరక్తి గురించి అడగలేదు సార్," అంది మెల్లగా. "నేనూ అడగలేదు."

ఆట ముగిసింది. ఎవరు గెలిచారో నూకరాజు పట్టించుకోలేదు. మూడో గేటు దగ్గరికి గబగబా నడిచాడు. చూరు కింద స్టూలు వానాకాలం నుంచి అక్కడే ఉంది. దాన్ని తనే ఎత్తి తెచ్చి దారి మధ్యలో వేసి కూర్చున్నాడు. బయటికి వస్తున్న జనం అతన్ని చూసి పక్కకి జరిగి దారి ఇచ్చారు. సన్యాసిరావు ఆగాడు.

"సన్యాసిరావూ! ఎల్లాజీని పంపేసింది నేనే," అన్నాడు నూకరాజు.

"ఔనండి."

"నెలాఖరున ఇక్కడికి రాకుండా మేడ మీద కూర్చున్నాను."

"పనులుంటాయి కదండీ."

"తిట్టవయ్యా! ఒక్కటైనా తిట్టు!"

సన్యాసిరావు నిజంగానే ఆలోచించాడు. వెతికితే ఏమైనా దొరుకుతుందేమో అన్నట్టు కాసేపు అటూ ఇటూ చూశాడు. "దేనికండీ?" అన్నాడు చివరికి. "మీ జట్టు, మీ ఇష్టం."

నూకరాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని గొంతు తగ్గించాడు. "అలకమ్మా, వీళ్లు వెళ్లిపోతారా?"

"వెళ్లరు," అంది అలకమ్మ. "బయట చాలా ఎండగా ఉంది."

అవతల ఎల్లాజీ కాకినాడ బస్సు వైపు వెళుతుంటే అతని వెంట తిట్లు, నవ్వులు గుంపుగా కదిలిపోతున్నాయి. సన్యాసిరావు అటు తొందరగా రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. స్టూలు మీద కూర్చున్న నూకరాజును మర్యాదగా చూశాడు.

"కుర్చీ తెప్పించమంటారా సార్?"