సాయంత్రానికి ఒక్క కాల్

విశాఖ రేవులోని సముద్ర సహాయ కేంద్రంలో డాక్టర్ పరాంకుశం మీట నొక్కగానే గోడంత తెర మీద రేపటి రోస్టర్ దిగింది. ఏ గంటకు ఎన్ని ఫోన్లు వస్తాయో, వాటికి ఎంతమంది కూర్చోవాలో ఒక రోజు ముందే చెప్పే యంత్రం అది. నేను చూడని యంత్రం ఈ భూమ్మీద లేదు. కానీ దీని ముందు అవన్నీ తిరణాల బొమ్మలు! దీని ఫార్ములాను పరాంకుశం ఇడ్లీకీ ఇడ్లీకీ మధ్య రాసిపారేశాడు. అతని సహాయకుడిగా చట్నీ అందించింది నేనే కాబట్టి ఘనతలో సగం నాది.

అంతకుముందు గాలివాన రోజున పడవల నుంచి ఫోన్లు ముంచెత్తేవి, ఎత్తేవాళ్లు చాలేవారు కాదు. తల మీదికి అల లేస్తుంటే పడవ నడిపే సరంగు చెవిలో ‘దయచేసి లైన్‌లో వేచి ఉండండి’ అని పాట. ఈ యంత్రం గాలిని, ఆటుపోట్లను, పడవలో డీజిల్‌ను, ఇంజన్ వయసును, ఏ సరంగు ఎప్పుడు ఫోన్ చేస్తాడో ఆ అలవాటును కూడా మింగి లెక్క తేలుస్తుంది. ఆ పాటను పరాంకుశం బంగాళాఖాతంలో కలిపేశాడు.

దక్షిణం వైపు వేటకెళ్లే పడవల ఫోన్లెత్తే డెస్క్‌లో కూర్చునేది పైడితల్లి. ఆమె మొగుడు ఎల్లాజీ ఆ పడవల్లో ఒకదానికి సరంగు. ఆఫీసు ఫోన్లు రికార్డవుతాయని ఇద్దరూ రోజూ పరాయివాళ్లలా మాట్లాడుకునేవారు. అతను ఒడ్డునున్న ప్రతిసారీ ఆమె సెలవడిగేది. వేరే పడవల ఫోన్లున్నాయని యంత్రం ఇచ్చేది కాదు.

ఆ రోజు తెర మీద దిగిన రేపటి రోస్టర్‌లో మాత్రం ఆమె డెస్క్‌కు సున్నా కాల్స్, పైడితల్లికి సెలవు. ఆమె పడవల్లో ఇంకా నీళ్ల మీదున్నది ఎల్లాజీది ఒక్కటే.

“సున్నా అంటే పడవ ఒడ్డెక్కినట్టేనమ్మా. ఇన్నాళ్లూ అంతేగా,” అన్నాడు పరాంకుశం.

పక్కనున్న రోహిణి మూతి ముడిచింది. “అక్కకు సెలవు, నాకు విచారణ డెస్కా సార్? పడవ రాలేదని ఇంటివాళ్లు అడిగే డెస్క్ అది. ఎన్నాళ్లయిందో మోగి. రేపు సాయంత్రం ఒక్క కాల్ అట.”

“ఏ రాంగ్ నంబరో. కాల్ వస్తుందని చెప్పడమే దానికి తెలుసు. ఎందుకొస్తుందో నేను నేర్పలేదు.”

కాసేపటికి ఎల్లాజీ ఫోన్.

“గాలెలాగుందండీ మేడమ్?”

“రేపు పొద్దుటికి ముదురుతుందండీ. రేపు నాకు సెలవండీ.”

అవతల వల లాగుతున్న చప్పుడు ఆగింది. “అయితే ఇప్పుడే పడవ ఒడ్డుకు తిప్పేస్తానండీ.”

“గాలి తగ్గాక రండి.”

“మీకు సెలవు రోజూ వస్తదా మేడమ్?”

మర్నాడు పైడితల్లి, చేపలతో మొహం మొత్తినవాడి కోసం గుత్తివంకాయ వండి, క్యారియర్ పట్టుకుని జెట్టీ మీద నిలబడింది. పొద్దు వాలింది. ఎల్లాజీది తప్ప అందరి పడవలూ కట్టి ఉన్నాయి. ఆమె ఫోన్ తీసింది.

మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తారు.

“నమస్కారమండీ, విచారణ డెస్క్. చెప్పండి.”

పైడితల్లి క్యారియర్ కింద పెట్టింది.

“రోహిణీ, నేనమ్మా, పైడితల్లిని. ఎల్లాజీ పడవ... ఏమైనా తెలిసిందా?”

రోహిణి తెర వైపు చూసింది. ఒక్క కాల్ అన్నది, ఆ ఒక్కటీ వచ్చింది. ఆ ఘనతలో నా సగం ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకుపోవచ్చు.

మర్నాటి రోస్టర్‌లో విచారణ డెస్క్‌కు సాయంత్రం ఒక్క కాల్ అని పడింది. ఆ పైరోజూ అంతే. ఏడాదైంది, ఇవాళా అంతే. యంత్రం ఒక్కనాడూ తప్పలేదు.