ఒకటో నంబరు

మా మిల్లులో కంప్యూటర్ గదికి కిటికీల్లేవు. బయట వానో ఎండో తెలిసేది కాదు. ఎనభై ఆరులో, వరంగల్‌లో, ఏసీ గదిలో ఉద్యోగమంటే మాటలా! నాకు భలే టెక్కుండేది.

ఆ మిషను ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. ఏది ముందో నంబరిచ్చేది నేను. ఒకటో నంబరు బాయిలర్ కాపలా ప్రోగ్రాంది. ఆవిరి ఒత్తిడి పెరిగితే అది వెంటనే బాయిలర్ దగ్గర గంట మోగించాలి. కానీ మనవాళ్లు ఊరుకుంటారా? రేషన్ షాపులో లాగే ఇక్కడా మొహమాటాలే. ఒకరోజు స్టోర్సు లక్ష్మీనారాయణ వచ్చి, "వీరభద్రమన్నా, జర నా లిస్టు ముందట వెయ్యి. నాలుగు నిమిషాల పని," అన్నాడు. కాపలాను రెండుకు దించి చాయ్‌కి పోయాను.

గంట నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగింది. అప్పటికే బాయిలర్ పేలి, అక్కడ పనిచేసే మొండయ్య చచ్చిపోయాడు. విచారణలో గంట తీగ తడిసిందని రాసిచ్చాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గులేని బతుకు నాది. మొండయ్య భార్య సోమక్కకు అక్షరం ముక్క రాదు. ఆమెకు మా గది ఊడ్చే పని ఇచ్చారు. కొడుకు ఎల్లస్వామిని కొత్త బాయిలర్ మీద పెట్టారు.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం సోమక్క నేల తుడుస్తోంది. తెర మీద కొత్త వరుస వచ్చింది.

ఒకటో నంబరు... మొండయ్య.

కాపలా రెండుకు జారింది.

చెరిపేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ చెరిపేశాను... మళ్లీ. వేళ్ల కింద మీటలు వేడెక్కాయి. చల్లటి గదిలో తడి బొగ్గు వాసన.

"సారూ," సోమక్క గుసగుసగా అంది. "ఆయన డ్యూటీ దిగి వస్తే గిదే వాసన..."

బాయిలర్ షెడ్డు బయటున్న ఫోనుకు చేశాను. "ఎల్లస్వామీ! బయటికి ఉరుకు!"

"బయటనే ఉన్న సారూ. ఇప్పుడే గంట మోగింది గద. ఆవిరి వదిలిపెట్టి ఉరికొచ్చిన."

తెర చూశాను. కాపలా ప్రోగ్రాం వంతు ఇంకా రానేలేదు. మరి గంట మోగించిందెవరు?

"సోమక్కా, పిల్లగానికి ఏం కాలేదు," అన్నాను. మిగతాది కూడా చెప్పేద్దామనుకున్నాను. "ఆ రోజు..." అని ఆగి, తెర వైపు తిరిగాను.

మొండయ్య పేరు మాయమైంది. ఆ చోట ఇంకో పేరు.

వీరభద్రం.

సోమక్క తుడవడం ఆపింది. తెర వైపు చూడను కూడా లేదు.

"చెప్పుండ్రి సారూ," అంది మెల్లగా. "నాలుగు నిమిషాలున్నయి గద..."