వెరిత్సా చెప్పని కొలత

శనివారం పొద్దున్న ఏడింటికే వెరిత్సా ఇంటి పెరట్లో పొయ్యి రాజుకుంది. సెప్టెంబరులో నీష్ ఊరంతా మిరపకాయలు కాల్చే వాసనే. నలభై కిలోల ఎర్ర మిరపకాయలు, కారం లేని పొడవాటివి, రేకు మీద చిటపటలాడుతున్నాయి. వాటిని కాల్చి, పొట్టు వలిచి, రుబ్బి, నూనెలో గంటల తరబడి కలిపితే ఐవార్ అవుతుంది. చలికాలమంతా రొట్టెలోకి అదే ఆధారం. వెరిత్సా చేతి ఐవార్‌కి ఆ వీధిలో పెద్ద పేరు. కొలత మాత్రం ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు, మహాతల్లి!

ఆఫీసులోనూ ఆవిడ తీరు అంతే. యాభై తొమ్మిదేళ్లు. బ్యాంకుల లెక్కలు నడిపే ఓ పాత ప్రోగ్రాం లోగుట్టంతా తెలిసిన మనిషి ఆ కంపెనీలో ఆవిడొక్కతే. ఇంతలో మే నెలలో ఆ టీముకి కొత్త లీడు వచ్చింది. ఎవరో కాదు, ఆవిడ కోడలు తియానానే. అక్కడ సగంమంది బంధువులే కాబట్టి ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. ఇంట్లో అత్త మాట చెల్లుతుంది, ఆఫీసులో కోడలి మాట. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు.

తియానా మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. టీములో అందరి పనితీరు మీదా రిపోర్టు పంపడానికి ఇవాళే ఆఖరు. ఇంకా ఒక్క అత్తగారిదే మిగిలింది.

"అత్తయ్యా, ఉప్పెంత వేశారు?"

"సరిపడా."

"సరిపడా అంటే ఎంతండీ?"

"చేతికి తెలుస్తుంది."

"ఆఫీసులో ఏది అడిగినా ఇదే జవాబు!"

"ఆఫీసుని నా పెరట్లోకి తేకమ్మాయ్. ఒరేయ్ నెమాన్యా, ఆ పొట్టు సరిగ్గా వలువు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నెమాన్యా ఇటు తల్లినీ అటు పెళ్లాన్నీ చూసి, తల వంచుకుని పొట్టు వలుస్తూ కూర్చున్నాడు.

వెరిత్సా కాఫీ తెచ్చి కోడలి పక్కన పెట్టబోతూ తెర మీద తన పేరు చూసింది. దాని కింద ప్రశ్న: తనకు తెలిసినది ఇతరులకు చెబుతారా? జవాబు: చెప్పరు.

"చెప్పరా? నా మీద చాడీలా?"

"చాడీలేమిటి అత్తయ్యా? నాలుగుసార్లు అడిగాను. ఆ ప్రోగ్రాం గురించి తెలిసిందంతా రాసిచ్చేయండని."

"ఇది పైకి వెళితే నన్ను ఆ పని నుంచి తప్పిస్తారు. పెన్షనుకి ఇంకా ఐదేళ్లుంది. తెలుసా నీకు?"

"తెలుసు! రేపు మీకు జ్వరం వస్తే బ్యాంకులు ఆగిపోవాలా మరి?"

"ఆగనీ. నేనొకదాన్ని ఉన్నానని అప్పుడైనా తెలుస్తుంది."

తియానా లేచి నిలబడింది.

"మీరొక్కరే భయపడుతున్నారా? మే నుంచి నేను ఒక్క లైను కోడు రాయలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగులే. ఎప్పుడవుతుంది, ఎప్పుడవుతుంది అని అందరి వెంటా పడటమే నా పని. ఇంటికొచ్చాక ఇవాళ ఏం చేశానా అనుకుంటే ఏమీ తోచదు. అందరూ ప్రమోషన్ అంటున్నారు. నాకైతే చేతులు నరికేసినట్టుంది!"

అత్త మీద కోపం దుత్త మీద అంటారుగా. ఇక్కడ కోడలి మీద కోపం గరిటె మీద పడింది. వెరిత్సా విసిరేసిన గరిటె గిన్నె అంచుకి తగిలి ఖంగుమంది.

"మీ మామగారు రాసిచ్చారే!" అంది.

వెరిత్సా స్టూలు మీద కూలబడింది.

"ఫ్యాక్టరీలో మెషీన్లకి ప్రోగ్రాంలు రాసేవారు బొజిదార్. తెలిసిందంతా రాసివ్వమన్నాడు పై ఆఫీసరు. పిచ్చి మనిషి, ఆర్నెల్లు కూర్చుని రాశారు, నల్ల అట్ట పుస్తకంలో. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆఫీసరు భుజం తట్టి తీసుకున్నాడు. రెండు నెలలకి, ఇక మీ అవసరం లేదన్నారు. ఆ పుస్తకం మీద ఆయన పేరైనా ఉంచలేదు. పోయేదాకా ఒకటే మాట, నేను రాయకుండా ఉండాల్సింది వెరా అని." ఆవిడ ఏప్రాన్ అంచుతో కళ్లు ఒత్తుకుంది. "రాసిచ్చేయండి అని నువ్వన్నప్పుడల్లా నాకు ఆ ఆఫీసరు గొంతే వినిపించింది."

"నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు నెమాన్యా.

"నీకప్పుడు తొమ్మిదేళ్లు. ఏం చెప్పను రా?"

తియానా అత్తగారి కాళ్ల దగ్గర నేల మీదే కూర్చుంది. ఏడుపు ఆగడం లేదు.

"మిమ్మల్ని తీసెయ్యరని మాటివ్వలేను అత్తయ్యా. అది నా చేతుల్లో లేదు. ఇస్తే అబద్ధమవుతుంది."

"తెలుసు. ఆఫీసరు మాత్రం ఇచ్చాడు ఆ మాట."

తియానా లాప్‌టాప్ లాక్కుని ఆ జవాబు చెరపబోయింది.

"చెరపకు," అంది వెరిత్సా. "చెప్పలేదన్నది నిజమేగా. దాని కింద ఇంకో ముక్క రాయి."

"ఏమని?"

"అడగడం లీడుకే చేతకాలేదని."

నెమాన్యా నవ్వాపుకోలేకపోయాడు. తియానా ఏడుస్తూనే నవ్వింది, ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది. దాని కింద, సోమవారం నుంచి రోజూ రెండు గంటలు ఆమె పక్కన కూర్చుని నేనే నేర్చుకుంటాను అని కలిపి పంపేసింది.

"సరే. ఉప్పు కిలోకి ఎంతో చెబుతాను, రాసుకో."

"రాసుకోను. చూపించండి," అని తియానా గరిటె అందుకుంది. చీకటి పడే వేళకి ఇద్దరి చేతులూ ఎర్రబడ్డాయి, సీసాలన్నీ నిండాయి.

సోమవారం పొద్దున్న తియానా కుర్చీ లాక్కుని అత్తగారి బల్ల దగ్గర కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు. వెరిత్సా సంచిలోంచి కొత్త పుస్తకం ఒకటి తీసి ముందుకి తోసింది. నల్ల అట్టది.

"నేను చెబుతాను, నువ్వు రాయి. ముందు పైన పేరు రాయి."

"మీ పేరేగా?"

"కాదు. బొజిదార్ అని రాయి. నాకు ఈ పని నేర్పింది ఆయనే."

తియానా నిదానంగా, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దుతూ రాసింది. వెరిత్సా ఆ పేరు వంక కాసేపు చూసింది. తర్వాత కళ్లజోడు తుడిచి పెట్టుకుంది.

"ఊఁ, ఇప్పుడడుగు," అంది.