నేను కంపెనీని కాదు

భార్గవి మొదటిసారి మా షాపుకి వచ్చింది నన్ను దులిపెయ్యడానికే.

బందరు కోనేరు సెంటర్ దగ్గర నాది గేమింగ్ షాపు. ఖాళీ దొరికితే యూట్యూబ్‌లో గేమ్ కంపెనీలను కడిగేస్తుంటాను. ఆ వారం ఒక కంపెనీ దొరికింది. కన్సోల్ లేకుండా ఇంటర్నెట్ మీదే ఆడే గేములని చూసి, ఐదేళ్ల క్రితం "అదసలు గేమింగే కాదు" అని నవ్వినవాళ్లు, ఇప్పుడు అదేదో తామే కనిపెట్టినట్టు డప్పు కొట్టుకుంటున్నారు. మాట మీద నిలబడనివాళ్లని నమ్మొద్దని ఓ వీడియో పెట్టాను.

"గంగరాజుగారంటే మీరేనా?" వానకి తడిసిన చున్నీ పిండుకుంటూ గుమ్మంలోంచే అడిగింది.

"నేనేనండీ."

"మీ వీడియో తప్పండీ."

"మీరు ఆ కంపెనీలో పనిచేస్తారా?"

"పెడనలో. కలంకారీ అచ్చులు వేస్తాం. ఐదేళ్ల క్రితం మన దగ్గర నెట్ ఎలా ఉండేది? వీడియో చూడాలంటే డాబా ఎక్కేవాళ్లం. అప్పుడు పనికిరాదన్నారు, ఇప్పుడు పనికొస్తుందంటున్నారు. మాట మార్చితే తప్పేంటి?"

"మరి అప్పుడు నవ్వడమెందుకు?"

"అది మాత్రం తప్పే," అని తనే నవ్వేసింది. ఆ నవ్వుకి నా వాదన సగం నీరుగారిపోయింది.

అప్పట్నుంచి ప్రతి గురువారం బందరులో బట్టల షాపులకి సరుకిచ్చి, బస్సు టైమయ్యేదాకా మా షాపులో కూర్చునేది. ఆడేది తక్కువ, వాదించేది ఎక్కువ. ఓసారి ఎరుపు గురించి చెప్పింది.

"ఎర్ర రంగుకి మేం ముందు పటిక అచ్చు వేస్తామండీ. వేసినప్పుడు గుడ్డ మీద ఏమీ కనపడదు. రంగునీళ్లలో ఉడకబెట్టాకే ఎరుపు తేలుతుంది. ఈలోగా ఏమీ లేదని పారేస్తే మనకే నష్టం."

"కంపెనీలు మిమ్మల్ని లాయరుగా పెట్టుకోవాలి," అన్నాను.

ఇంకో గురువారం, టీవీ వైపు చూస్తూనే అడిగింది. "పెళ్లి గురించి ఏమనుకుంటున్నారు?"

గుండె ఝల్లుమంది. కానీ పక్కనే నా ఫ్రెండ్స్ నలుగురున్నారు. వాళ్ల ముందు బిల్డప్ ఇవ్వాలి కదా.

"పెళ్లీ గిళ్లీ మనకి పడవండీ."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ. మాట మార్చడానికి నేను కంపెనీని కాదు."

మరుసటి వారం మడతపెట్టిన గుడ్డ ఒకటి ఇచ్చింది. "ఇది మీకే. ఆదివారం దీన్ని తీసుకుని పెడన రండి. ఉడకబెట్టే రోజు, మా నాన్నగారు కూడా ఉంటారు."

విప్పి చూశాను. లేత పసుపు గుడ్డ, దాని మీద ఏమీ లేదు. ఆదివారం షాపులో టోర్నమెంట్ ఉందని వెళ్లలేదు.

గురువారం తను వచ్చేసరికి నా చేతిలో ఆ గుడ్డే ఉంది, దుమ్ముతో నల్లబడి.

"దీంతో టీవీలు తుడుస్తున్నారా?"

"భలే మెత్తగా ఉందండీ," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బస్సుకి ఇంకా గంట టైముంది. అయినా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నాలుగు రోజులకి గానీ నాకు పటిక అచ్చు గుర్తు రాలేదు. వెంటనే ఫోన్ చెయ్యాల్సింది. ఎప్పటికీ అని అందరి ముందూ అన్నవాణ్ని, ఏ మొహం పెట్టుకుని చెయ్యను? ఇవాళా రేపూ అంటూ ఎనిమిది నెలలు గడిపేశాను.

ఈలోగా షాపులో నేనూ ఆ కంపెనీ ఇంటర్నెట్ గేములే పెట్టేశాను. అప్పుడు వాళ్లని నమ్మొద్దన్నావు కదా అని ఒక్కరూ అడగలేదు. మాట మార్చడం ఇంత తేలికా అనిపించి, ధైర్యం చేసి పెడన వెళ్లాను.

భార్గవి బల్ల దగ్గర నిలబడి అచ్చులు వేస్తోంది. కుర్చీ చూపించింది.

"ఆ గుడ్డ మీద ఏం వేశారు?" అన్నాను.

"మీ పేరు, నా పేరు. ఉడికితే నాన్నగారికి కనపడుతుంది. అలాగైనా ఇంట్లో మాట మొదలవుతుందనుకున్నా."

"నా మాట మార్చుకున్నాను భార్గవీ." గారు లేకుండా పిలవడం అదే మొదలు.

చేతిలో అచ్చు పక్కన పెట్టింది. "మార్చుకోవడం తప్పని నేనెప్పుడన్నానండీ? కంపెనీ ఎంత ఆలస్యంగా తెచ్చినా కొనేవాళ్లుంటారు. నేను ఒక్కదాన్నే కదా."

అవనిగడ్డ సంబంధమట. పేరు రామ్‌ప్రసాద్. తాంబూలాలు పుచ్చుకుని నెలయిందట.

"వచ్చే నెల పదకొండున ఇక్కడే పెళ్లి. రానని మాత్రం అనకండి. మళ్లీ మాట మార్చుకోవాల్సి వస్తుంది," అంటూ నవ్వబోయింది. కళ్లు మాత్రం నవ్వలేదు.

"తప్పకుండా వస్తాను," అన్నాను.

పదకొండున కొత్త చొక్కా వేసుకుని గుడివాడ బస్సెక్కాను, పెడనకి టికెట్ తీసుకున్నాను. పెడనలో బస్సాగింది. ఎక్కడినుంచో సన్నాయి వినపడుతోంది. నేను సీట్లోంచి లేవలేకపోయాను.

కండక్టర్ వచ్చి అడిగితే, గుడివాడకి ఇంకో టికెట్ కొట్టించుకున్నాను.