ఛార్జర్ ఏ గోడకి?

దోయ్ ఫూఖా కనుమ మలుపులో పికప్ ఒకసారి దగ్గింది, ఇంకోసారి మూలిగింది, ఆ తర్వాత చప్పుడు చేయకుండా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

"దిగి తోయమంటారా?" అంది ఫాయి.

"పైకా?" అన్నాడు తియన్.

"కిందికి తోస్తే మళ్ళీ బడికే వెళ్తాం మాస్టారూ. శుక్రవారం సాయంత్రం అంత భక్తి నాకు లేదు."

తియన్ నవ్వలేదు. స్టీరింగ్ మీద చెయ్యి వేసి, జబ్బుపడ్డ ఎద్దును నిమిరినట్టు నిమిరాడు. ఆ పికప్ వాళ్ళ తాతది. అందులో కిటికీ అద్దం ఎక్కాలంటే బయటి నుంచి అరచేత్తో పైకి నెట్టాలి.

ఇద్దరూ బో క్లువా కొండ మీది బడిలో టీచర్లు. తియన్ లెక్కలు చెబుతాడు. ఫాయి ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. సోమవారం తెల్లవారుతూనే నాన్ పట్నం నుంచి పైకి, శుక్రవారం బడి వదలగానే కిందికి. మధ్యలో నాలుగు రాత్రులు టీచర్ల క్వార్టర్స్‌లో. దారి రెండున్నర గంటలు. రెండేళ్ళుగా ఆ రెండున్నర గంటలూ ఈ పికప్‌లో పక్కపక్క సీట్లలోనే గడిచాయి.

చివరికి క్యాబేజీల లారీ ఒకటి వచ్చి, పికప్‌ను తాడు కట్టి లాక్కెళ్ళింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఏమీ ముట్టుకోకుండానే దించేశాడు.

"ఇక నేనొక కారు కొనుక్కుంటాను" అన్నారు ఇద్దరూ, ఒకేసారి.

అన్నాక ఇద్దరికీ ఒకే లెక్క తట్టింది. కార్లు రెండైతే స్టీరింగులూ రెండు. ఎవరి రెండున్నర గంటలు వాళ్ళవి.

ఫాయి గొడుగు విప్పుకుంటూ, "మంచిదే కదా" అంది. ఏది మంచిదో ఆమెకే తెలియలేదు.

*

తర్వాతి రెండు వారాలూ వ్యాన్‌లో వెళ్ళారు. ఫాయికి డ్రైవర్ పక్క సీటు దొరికేది. తియన్ వెనక కోడిపిల్లల బుట్టలకూ ఉప్పు బస్తాలకూ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. మాట్లాడుకోవాలంటే ఆరుగురి తలల మీదుగా అరవాలి. అయినా అరిచేవాళ్ళు.

"హైబ్రిడ్ సెడాన్ కొంటాను!" అనేవాడు తియన్. "పెట్రోలూ ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది. ఒకటి అలిసిపోతే ఇంకొకటి."

"రెండు పడవల మీద కాళ్ళు అన్నమాట! నేను మాత్రం పూర్తి కరెంటు కారే. పొగ లేదు, చప్పుడు లేదు."

"కొండెక్కేటప్పుడు ఛార్జింగ్ అయిపోతే?"

"మీకు కరెంటంటే భయం. పేరే తియన్, అంటే కొవ్వొత్తి. కొవ్వొత్తికి కరెంటంటే పడుతుందా!"

వ్యాన్‌లో అందరూ నవ్వారు. ఒక ముసలమ్మ తియన్ వైపు జాలిగా చూసింది.

"మరి మీ పేరు? ఫాయి అంటే ప్రత్తి అనే కదా పెట్టింది మీ నాన్న. కాస్త గొంతు మార్చి పిలిస్తే అదే కరెంటు అవుతుంది" అన్నాడు తియన్. "అందుకేనేమో, ఎప్పుడు మాట్లాడినా షాక్ కొడుతుంది."

"ముట్టుకోకుండానే కొడుతోందా?" అని అడిగింది ముసలమ్మ.

తియన్ వంగి కోడిపిల్లల బుట్ట సర్దడం మొదలుపెట్టాడు. ఫాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాన చూస్తున్నట్టు కూర్చుంది గానీ, ఆ రోజు వాన లేదు.

*

శనివారం ఇద్దరూ కలిసి షోరూములకు వెళ్ళారు. "సలహా కోసం" అని ఆమె అంది. "పోల్చి చూడటానికి" అని అతను అన్నాడు. రెండు షోరూములూ రోడ్డుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి.

హైబ్రిడ్ సెడాన్‌లో కూర్చుని తియన్ తలుపు నాలుగుసార్లు తీసి వేశాడు. "ఈ చప్పుడు విన్నారా? ఎంత గట్టిగా ఉందో!"

"పెళ్ళికి పిల్లను చూడ్డానికొచ్చి పళ్ళు లెక్కపెట్టే రకం మీరు" అంది ఫాయి.

అవతలి కరెంటు కార్ల షోరూములో అమ్మకాల అమ్మాయి కాఫీ ఇచ్చి, ఇద్దరినీ చూసి నవ్వుతూ, "మీ ఇద్దరికీ కలిపి ఒకటేనా అండీ?" అని అడిగింది.

"కాదు!" అంది ఫాయి.

"రెండు!" అన్నాడు తియన్.

"అంత కోపంగా చెప్పక్కర్లేదండీ" అంది ఆ అమ్మాయి. పాపం, కాఫీలో చక్కెర తక్కువైందేమోనని ఇంకో చెంచా కూడా వేసి ఇచ్చింది.

నడిపి చూసుకోమని ఆదివారమంతా కారు ఇస్తామన్నారు. ఫాయి వెంటనే ఒప్పుకుంది. "కొండెక్కించి చూపిస్తాను మాస్టారూ. మీరు పక్కన కూర్చుని లెక్క రాసుకోండి."

అతను నిజంగానే నోటుబుక్కు తెచ్చాడు.

కిందినుంచి నూరు శాతంతో బయల్దేరారు. పువా ఊరు దాటేసరికి ఎనభై ఆరు. మలుపులు మొదలయ్యాక అంకె దిగుతూనే ఉంది. తియన్ ప్రతి మలుపుకూ అంకె రాసి, దాని కింద గీత గీశాడు. కనుమ మీద అరవై నాలుగు.

"చూశారా! సగం కొండకే మూడో వంతు మింగేసింది."

"ఇప్పుడు దిగుతాంగా, చూడండి."

అటువైపు కొండ దిగడం మొదలుపెట్టాక అంకె అక్కడే నిలిచింది. నాలుగు మలుపుల తర్వాత అరవై అయిదు అయింది. బడి గేటు ముందు ఆగేటప్పటికి అరవై ఆరు.

తియన్ నోటుబుక్కు మూశాడు. "ఇదేమిటిది? నడిస్తే తరగాలి గాని పెరగడమేమిటి?"

"దిగేటప్పుడు చక్రాలే తిరిగి కరెంటు పోస్తాయి. లెక్కల మాస్టారికి ఒకటో తరగతి టీచరు చెప్పాల్సి వచ్చింది, ఖర్మ."

ఊళ్ళోని ఉప్పు బావుల దగ్గర జిగురన్నం, కాల్చిన సాసేజ్ తిన్నారు. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ అతనికి ఇచ్చి, ఫాయి సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. శుక్రవారాల్లోలాగే.

కనుమ దాటాక అతను పాట మొదలుపెట్టాడు. పాట అంటే పాట కాదు, కూనిరాగం. నదిలో పడవ పందేలప్పుడు పాడే పాత పాట. ఇంజన్ చప్పుడు లేని ఆ కారులో అతని ఊపిరితో సహా వినబడుతోంది. ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. ఠక్కున ఆపేశాడు.

"ఆపారేం?" అంది ఫాయి కళ్ళు మూసుకునే.

కారు ఒక్క జానెడు పక్కకు జరిగి మళ్ళీ దారికి వచ్చింది. "మీరు నిద్రపోలేదా?"

"రెండేళ్ళలో ఎప్పుడూ నిద్రపోలేదు. ఆ పికప్ రొదలో మొదటి చరణం వరకే వినబడేది. మిగతాది వినాలంటే చప్పుడు లేని కారు కావాలి. అందుకే ఇది."

చెప్పాలని చెప్పింది కాదు. నోట్లోంచి జారిపోయింది. ఫాయి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.

చాలా మలుపులు గడిచాయి. అప్పుడు తియన్ నెమ్మదిగా అన్నాడు. "మీరు పక్కన నిద్రపోతారు కదా, దారిలో బండి ఆగిపోకూడదని నేను... అందుకే హైబ్రిడ్. నిన్న సాయంత్రమే బుక్ చేసేశాను."

ఫాయి కళ్ళు తెరిచింది. ముందు మాటలన్నీ ఆమె చెవిదాకా వచ్చి ఆగిపోయాయి. చివరి మాట ఒక్కటే లోపలికి వెళ్ళింది.

"బుక్ చేసేశారా?"

"చేశాను. కానీ..."

"మంచి పని చేశారు. నేనూ రేపు బుక్ చేస్తాను. ఇక ఎవరి కారు వాళ్ళది."

"అది కాదు టీచర్..."

"ముందు చూసి నడపండి. మలుపుంది."

*

ఫాయి నాన్న ఇన్‌తాకు ఇంటి ముందు గదిలోనే క్షౌరశాల. ఒక కుర్చీ, ఒక అద్దం, ఊళ్ళో కబుర్లన్నీ. మూడు వారాల తర్వాత ఒక శనివారం ఉదయం ఆ కుర్చీలో తియన్ కూర్చున్నాడు. జుట్టు అంత పెరగలేదు. అయినా వచ్చాడు.

మూడు వారాలుగా వ్యాన్‌లో ఫాయి అరవడం మానేసింది. ఈ వేళ వాకిట్లో కొత్త తెల్లకారు ఉంది. దాని పక్కన షోరూం ఎలక్ట్రీషియన్, చేతిలో డ్రిల్లు, కింద డబ్బాలో ఛార్జరు.

"మీ హైబ్రిడ్ ఎప్పుడొస్తుంది మాస్టారూ?" అని గుమ్మంలోంచే అడిగింది ఫాయి.

"రాదు."

"ఎందుకని?"

"వద్దని చెప్పేశాను."

"మరి బడికెలా వెళ్తారు?"

"మీరు ఎక్కించుకుంటారేమోనని" అన్నాడు తియన్ అద్దంలోకి చూస్తూ. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురగ.

"వ్యాన్ ఉందిగా" అన్నాడు ఇన్‌తా, కత్తి తోలు మీద నూరుతూ. "కోడిపిల్లలు మీ కోసం బెంగపెట్టుకుంటాయి."

ఫాయి నవ్వు ఆపుకుంది.

ఎలక్ట్రీషియన్ గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వెనక్కి తిరిగాడు. "టీచర్ గారూ, ఒకసారి బిగించాక పీకి ఇంకోచోట పెట్టడం పెద్ద పని. మీరు ఈ ఇంట్లోనే ఉంటారా? పెళ్ళీ గిళ్ళీ అయి మారిపోయే ఉద్దేశం ఏమైనా ఉందా?"

ఫాయి గోడ మీది పెన్సిల్ గుర్తు వైపు చూసింది. చెంపలు ఎర్రబడ్డాయి. ఎలక్ట్రీషియన్ భుజాలు ఎగరేసి డ్రిల్లు ఎత్తాడు.

"ఆగండి!" కుర్చీలోంచి అరిచాడు తియన్. "కన్నం పెట్టకండి!"

ఇన్‌తా కత్తి గాల్లోనే ఆగింది. "కదలకు బాబూ. గొంతు దగ్గరున్నాను. నా గోడకు కన్నం పెడితే నీకేమిటి నొప్పి?"

"అంటే... ఇక్కడైతే... ఒకవేళ... మా ఇంట్లో కూడా గోడ ఉంది. మా అమ్మ రెండేళ్ళుగా అడుగుతోంది. అంటే గోడ గురించి కాదు..."

"మాస్టారూ" అంది ఫాయి. చేతులు కట్టుకుని నిలబడింది. "హైబ్రిడ్‌లాగా సగం సగం చెప్పకండి. ఏదో ఒకటి పూర్తిగా చెప్పండి."

తియన్ మెడకు చుట్టిన తెల్లగుడ్డతోనే లేచి నిలబడ్డాడు. నురగ చొక్కా మీదికి కారుతోంది.

"ఎవరి కారు వాళ్ళదని మీరన్న సాయంత్రం ఇంటికెళ్ళి పక్క సీటు గురించే ఆలోచించాను. అందులో మీరుండరని అప్పుడు అర్థమైంది. మీరు లేకపోతే నాకు ఏ కారూ వద్దు ఫాయీ. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

వాకిట్లో ఎలక్ట్రీషియన్ డ్రిల్లు కింద పెట్టేశాడు.

"మూడు వారాలు పట్టిందా ఇది చెప్పడానికి?" అంది ఫాయి. "నీకంటే నా కారే నయం. ఎనిమిది గంటల్లో నిండిపోతుంది."

"అంటే?"

"అంటే చేసుకుంటాను. లెక్కల మాస్టారివి, ఆ మాత్రం తెలీదా?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె చూసుకోలేదు. అతను చూసుకున్నాడు. నురగ వెనక అతని ముఖమంతా విచ్చుకుంది.

ఇద్దరూ ఇన్‌తా వైపు తిరిగారు. ఆయన కత్తిని తువ్వాలుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. కళ్ళు కూడా అదే తువ్వాలుతో ఒత్తుకున్నాడు.

"ఇంతకీ ఏ గోడకండీ?" అన్నాడు ఎలక్ట్రీషియన్ నెమ్మదిగా.

"ఇక్కడే బిగించవయ్యా" అన్నాడు ఇన్‌తా. "వాళ్ళింట్లో పెడితే నా కూతురు పండక్కో పబ్బానికో కనబడుతుంది. ఇక్కడుంటే ఛార్జింగ్ కోసమైనా వారానికోసారి ఇద్దరూ రావాలి."

డ్రిల్లు గుర్రుమంది. గోడ సున్నం తెల్లగా రాలింది.

ఫాయి ఫోన్ తీసి, సగం గడ్డంతో నిలబడ్డ తియన్‌ను ఒక ఫొటో తీసింది. "నాన్నా, ఆ రెండో చెంప కూడా గీసెయ్యండి. వాళ్ళమ్మగారింటికి వెళ్ళాలి."

"ఇప్పుడేనా?" అన్నాడు తియన్ కుర్చీలోకి జారబడుతూ.

"ఇప్పుడే. రెండేళ్ళుగా అడుగుతోందన్నావుగా" అంది ఫాయి, కారు తాళం చేతిలో పట్టుకుని.