చ్యుతి లేని మూడో రోజు

కోమలి కుంచె నీలంలో ముంచి పట్టుకుని గంటన్నర అయింది. ఎర్రదీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

గాజుగోడకు అటువైపు మీరావలి సాయిబు నాదస్వరం మీద తోడి రాగం ఆలాపన చేస్తున్నాడు. ఆయన వాద్యంలోంచి రాబోయే ప్రతి స్వరాన్నీ పూర్వగణకం అనే యంత్రం అరక్షణం ముందే తెరమీద రాసేస్తోంది. దాని అంచనా తప్పితే అది చ్యుతి. అప్పుడు దీపం వెలుగుతుంది. ఆ స్వరం తన లోపల ఏ రంగు లేపితే దాన్ని కోమలి బట్టమీద గీయాలి. ఆ గీత చూసి యంత్రం తన లెక్క సరిదిద్దుకుంటుంది.

మొదట్లో రోజుకు మూడు బట్టలు నిండేవి. ఆయన గమకం విరిస్తే ఆమె మణికట్టు తనంత తానే తిరిగేది. పదకొండేళ్లుగా తాను గీసిన ప్రతి గీతా ఆయనకు ఒక్కో దారి మూసిందని కోమలికి ఆలస్యంగా తెలిసింది.

వరసగా మూడు రోజులు చ్యుతి లేకపోతే విద్వాంసుడు సంపూర్ణుడు, అంటే యంత్రానికి ఆయన పూర్తిగా వచ్చేసినట్టు. గది మూసేస్తారు. ఇది మూడో రోజు.

మీరావలి ధైవతం దగ్గర ఆగాడు. ఊపిరి అందలేదు. యంత్రం మాత్రం ఆగలేదు. మిగతా ఆలాపనను ఆయన ఊపిరి తడితో సహా స్పీకర్లలోంచి అందుకుంది.

ఆయన వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"నేను వాయించబోయిందే అమ్మాయ్. నాకింకా తట్టనేలేదు, దానికి తట్టేసింది."

"దానికి తెలియనిది ఇంకేదైనా పట్టండి సాయిబుగారూ."

"ఉంటే పట్టనా తల్లీ? లోపల ఎక్కడ తడిమినా అదే కూర్చునుంది."

ఆయన వేళ్లు మాత్రం ఒట్టి గాలిలో ఇంకా దేన్నో వెతుకుతున్నాయి. కోమలి వాటినే చూసింది. నీలం కుంచె పక్కన పడేసి, అరచేత్తో నలుపు తీసి, బట్టకు అడ్డంగా లాగింది.

"కోమలిగారూ, దీపం వెలగలేదు." పైనుంచి పర్యవేక్షకుడు భుజంగరావు గొంతు. "ఆ గీత చెల్లదు, తుడిచేయండి."

"తుడవను."

"ఊరంతటికీ పాట ఇక్కణ్ణుంచే పోతోంది. తెలుసుగా?"

"తెలుసు."

రెండో గీత గీసింది. యంత్రం దానికి స్వరం వెతికింది. ధైవతం, నిషాదం, మళ్లీ ధైవతం. నత్తిగా తడబడి, చప్పున ఆగిపోయింది. కింద వీధిలో, స్టేషన్లలో, ఆసుపత్రి వరండాల్లో పదకొండేళ్లుగా తెగని పాట తెగింది. నడుస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి తలలు పైకెత్తారు.

మీరావలి లేచి గాజుగోడ దగ్గరికొచ్చి బట్టమీది నల్ల గీతల్ని చూశాడు. "ఇదేం రాగం?"

"నాకూ తెలీదు. మీ వేళ్లలో ఉంది."

ఆయన నాదస్వరం ఎత్తి ఊదాడు. ఒట్టి గాలి. మళ్లీ ఊదాడు. గాలే. మెట్లమీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఆయన కళ్లు మూసుకుని మూడోసారి ఊదాడు.

కోమలి ఆ గాలిని గీయడం మొదలుపెట్టింది.