కోయని నాలుగు సాళ్ళు

చిక్కబళ్ళాపురం బి.బి. రోడ్డులో మందుల దుకాణం పైనున్న ఆఫీసులోకి అక్కయమ్మ గోనెసంచితో వచ్చి, దాన్ని డిటెక్టివ్ వినుత బల్ల మీద పెట్టింది. సంచిలో చచ్చిన కోడి ఉంది. అసిస్టెంటు పురుషోత్తమ్ ముక్కు మూసుకోబోయి, ఆమె ముఖం చూసి చెయ్యి దించేశాడు.

"నిన్న పదిగంటలకి తోటలోకి ఇడిస్తిని. గంటలో నలభై సచ్చిపోయినాయమ్మా. రోగమంటాండారు. ఈ సాయంత్రం నాలుక్కి మిగిలిన రెండొందలూ చంపి పూడుస్తారంట."

"మీకు కానివాళ్ళెవరైనా ఉన్నారా?"

"కానోళ్ళు కాదు, అయినోళ్ళే. మా మరిది గురప్ప, పక్కతోట నందీశ్ కలిసి ఊర్లో పంజరాల షెడ్డు కడతామంటాండారు. వద్దని అరవై ఇండ్ల ఆడోళ్ళతో సంతకాలు పెట్టించినా. సోమవారం గ్రామసభ. ఇప్పుడేమో, కోళ్ళని తోటలో తిప్పితే రోగం రాక ఏమొస్తాదని అందరూ నన్నే ఆడిపోసుకుంటాండారు."

"భయంగా ఉందా?"

"భయం కాదమ్మా, మంట! కాగితమంత చోట్లో కోడిని బతికినన్నాళ్ళూ నిలబెట్టొద్దంటే నేను పిచ్చిదాన్నంట."

వినుత కారు తాళం తీసుకుంది.

జంగమకోటెలో అక్కయమ్మ మల్బరీ తోట దగ్గర పశువైద్యుడు మునినారాయణ మనుషులతో సిద్ధంగా ఉన్నాడు. మిగిలిన కోళ్ళు షెడ్డులో బందీలు. ఓ మూల ఎనిమిది కోళ్ళు తమకేమీ పట్టనట్టు గుడ్లు పొదుగుతున్నాయి.

గురప్ప మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. "మేత నేనే తెస్తిని, శిడ్లఘట్ట నుంచి. పట్టు తీసినాక మిగిలే పురుగు. ఎప్పుడూ తెచ్చేదే."

'దొరికాడు' అనుకున్నాడు పురుషోత్తమ్.

"పొదిగే కోళ్ళకు ఏం వేశారమ్మా?" వినుత అక్కయమ్మను అడిగింది.

"గురప్ప తెచ్చిన మూటలోదే. అన్నిటికీ షెడ్డులోనే ఏస్తా. తోటలో ఎప్పుడూ చల్లను."

నందీశ్ మాత్రం కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. "ఈ తోట ఆకు నేనే కొంటాండా మేడమ్. నిన్న తెల్లారే కోసుకునిపోయినా. కోళ్ళు సచ్చినాక ఈ పక్క అడుగు పెట్టలా. నా పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటి కుబుసం ఇడిసినాయి, పగలూ రేయీ తింటాండాయి. ఆకు సాలక సస్తాండా. అయినా మా అక్కకిట్ల జరిగిందే అని నా బాధ."

వినుత తోటంతా తిరిగింది. ఒక అంచు నుంచి సాలు తర్వాత సాలు ఆకు కోసం నరికిన మోళ్ళు. మధ్యలో నాలుగు సాళ్ళు ఏపుగా నిలబడ్డాయి. వాటి అవతల మళ్ళీ మోళ్ళే.

"ఆకు ఎంత బాగుందో మేడమ్!" అన్నాడు పురుషోత్తమ్.

"చూడాల్సింది చూస్తావు. ఎందుకని మాత్రం అడగవు" అని నవ్వి, ఆమె కట్టెతో మట్టి గీకడం మొదలుపెట్టింది.

మూడున్నరకు అందరినీ ఆ సాళ్ళ దగ్గరికే పిలిచింది.

"రోగమైతే ఆ షెడ్డులోనే ఉన్న పొదిగే కోళ్ళకూ సోకాలి. మూటలో విషముంటే అవీ చావాలి. తోటలోకి వెళ్ళని ఆ ఎనిమిదీ నిక్షేపంగా ఉన్నాయి. కాబట్టి విషం తోటలో ఉంది. గురప్పగారి మేతకు సంబంధం లేదు." ఆమె మట్టి పక్కకు నెట్టింది. ఉడికిన పట్టుపురుగులు బయటపడ్డాయి, పురుగుమందు వాసన గుప్పుమంది. మునినారాయణ గోనెసంచిలోని చచ్చిన కోడి మెడ కింద మేత నిలవుండే తిత్తిని కోసి చూశాడు. అదే పురుగు, అదే వాసన.

"పురుగుమందు గాలి తగిలిన ఆకు పెడితే పట్టుపురుగులు చస్తాయని ఇక్కడ అందరికీ తెలుసు. నందీశ్, ఆకు కరువన్నారు. మరి ఈ నాలుగు సాళ్ళు ఎందుకు వదిలేశారు?"

"కోళ్ళు సచ్చినాయని..."

"కోసింది నిన్న తెల్లవారుజామున. కోళ్ళు చచ్చింది పదింటి తర్వాత. ఇటుపక్కా అటుపక్కా కోసి వీటిని దాటిపోయినప్పుడు ఇక్కడ ఒక్క కోడీ చావలేదు. ఇక్కడ విషముందని అప్పటికి తెలిసింది, పెట్టినవాడికే. కోళ్ళను చంపగలిగారు, మీ పురుగుల్ని చంపుకోలేకపోయారు."

పురుషోత్తమ్‌కు చప్పట్లు కొట్టాలనిపించింది. నందీశ్ తల దించుకున్నవాడల్లా ఒక్కసారిగా భగ్గుమన్నాడు.

"అవును, పెట్టినా! నీ కోళ్ళు తినేది ఉడకబెట్టి చంపిన పురుగునే కదక్కా! నువ్వు దయ గురించి చెప్తే మేం ఇనాల్నా?"

అక్కయమ్మ రెండడుగులు ముందుకు వేసింది.

"నిజమేరా. ఆ పాపం నాకూ ఉండాది. లేదని యాడా చెప్పలా. అంతమాత్రాన కోడిని పంజరంలో పెట్టేదానికి తల ఊపాల్నా? చేతనైనకాడి నుంచి మొదలుపెడ్తా."

మునినారాయణ ఉత్తర్వు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కోళ్ళు ఉండనీమ్మా. ఈ సాళ్ళకు మాత్రం అడ్డం కట్టించు."

గురప్ప గొంతు తగ్గించాడు. "వదినా, ఇంటి గుట్టు. సభలో మాత్రం వద్దు."

"సభలోనే చెప్తా. ఆడ నోరు మూయిస్తే ఊరూరూ తిరిగి చింతామణిలో చెప్తా, బాగేపల్లిలో చెప్తా. నువ్వూ రా నందీశా, నీ ముందరే చెప్తా."

వినుత, పురుషోత్తమ్ కలిసి ఆ సాళ్ళ చుట్టూ వల బిగించారు. అక్కయమ్మ వెళ్ళి షెడ్డు గడియ తీసింది. రెండొందల కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ తోసుకొచ్చాయి. దారికి అడ్డంగా నిలబడ్డ నందీశ్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది.